టాకా వేయకముందే తేల్చుకోవాల్సిన కోణం

“మేస్త్రీ గారూ, 60 దాటితే చాలు, సీటు కింద నుంచి ఒణుకొచ్చేస్తోంది.” కమాన్ల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీద నడిచే జీపుకు వెనక హౌసింగ్ (వెనక ఇరుసు, దాని గేర్లు ఉండే గుల్ల) మార్చిన కొన్నాళ్లకు డ్రైవర్ ఈ మాటతో షెడ్డుకు తిరిగొస్తాడు. మొదట గేర్ బాక్స్ తిప్పుడును వెనక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (దాని రెండు చివర్లా వంగుతూ తిరిగే కీళ్లు) మారుస్తారు. తర్వాత షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్‌కు పంపుతారు. ఆ తర్వాత గేర్ బాక్స్ కింద రబ్బరు మౌంట్లు కొత్తవి వేస్తారు. డబ్బు అయిపోతుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. దాని మూలం చాలాసార్లు ఎవరూ చూడని చోట, కమాను కూర్చునే చిన్న ఇనుప సీటు దగ్గర ఉంటుంది. హౌసింగ్ ట్యూబు మీద దాన్ని వెల్డింగ్ చేసిన రోజు రెండు మూడు డిగ్రీలు తేడా పడి ఉంటుంది.

విజయనగరం నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లే దారిని పాతవాళ్లు ఇప్పటికీ 43వ నంబరు రోడ్డనే అంటారు. ఇప్పుడది 26వ నంబరు జాతీయ రహదారి. లారీల ఊరుగా పేరున్న సాలూరు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. అంతవరకూ అది విజయనగరం జిల్లా ఊరే. అక్కడ మైదానం అయిపోయి ఘాట్ మొదలవుతుంది. ఒకే బండి పొద్దున గెడ్డలు (వాగులు) దాటి కొండ ఊళ్ల సంతకు మనుషుల్ని ఎక్కించుకు వెళ్తుంది, సాయంత్రం నున్నటి హైవే మీద 70లో పరుగెడుతుంది. వెనక ఇరుసు రెండు రకాల బతుకులూ బతకాలి. అందుకే ఈ ప్రాంతంలో సీటు కోణం చిన్న విషయం కాదు.

కమాను సీటు అంటే కమాను ఆనుకోవడానికి వేసే పీఠం అని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిజమే కానీ అది సగమే. సీటును ట్యూబుకు అతికించిన క్షణాన పినియన్ (షాఫ్ట్ తిప్పుడును హౌసింగ్‌లోకి తీసుకునే చిన్న గేరు) ముక్కు ఎటు చూడాలో కూడా ఖాయమైపోతుంది. కమానును హౌసింగ్‌కు కట్టేసే యూ బోల్టులు బిగిస్తే కమాను, సీటు, హౌసింగ్ ఒకే ముద్ద. ఇక పినియన్ పైకి చూడాలన్నా కిందికి చూడాలన్నా మన చేతిలో ఉండదు. కాబట్టి సీటు వెల్డింగ్ అంటే అసలు పినియన్‌ను గురి పెట్టడమే. గురి పెట్టాల్సింది నేలను చూసి కాదు, గేర్ బాక్స్‌ను చూసి.

ఎందుకో తెలియాలంటే క్రాస్ ఎలా తిరుగుతుందో చూడాలి. వంపు లేకుండా తిన్నగా ఉన్నప్పుడు క్రాస్ ఇటు ఎంత తిరిగితే అటు అంతే తిరుగుతుంది. వంపు పెడితే లెక్క మారుతుంది. గేర్ బాక్స్ ఒకే వేగంతో తిరుగుతున్నా క్రాస్ అవతల ఉన్న షాఫ్ట్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 3 డిగ్రీలుంటే ఈ హెచ్చుతగ్గు నూటికి 0.14 పాళ్లు మాత్రమే, చేతికి కూడా తెలియదు. 10 డిగ్రీలైతే ఒకటిన్నర పాళ్లు. 17 డిగ్రీలైతే నాలుగున్నర. వంపు రెట్టింపైతే హెచ్చుతగ్గు దాదాపు నాలుగింతలవుతుంది. “ఇంకో నాలుగు డిగ్రీలేగా” అనే మాట ప్రమాదం అయ్యేది ఇక్కడే.

అది ఎంత వేగంగా కొడుతుందో కూడా లెక్క వేయొచ్చు. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, క్రౌన్ పినియన్ నిష్పత్తి 5 (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఐదు చుట్లు) అనుకుందాం. బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే షాఫ్ట్ సెకనుకు సుమారు 44 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండు చొప్పున సెకనుకు 88 పోట్లు. డ్రైవర్ సీటు కింద వణుకుగా, బాడీ రేకులో జుమ్మనే మోతగా వినిపించేది ఇదే. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే చుట్టుకు ఒకే పోటు వస్తుంది, కోణం తప్పితే రెండు. పరికరం లేకుండా తేడా పట్టుకోవడానికి ఒక దారి ఉంది. తిన్నటి రోడ్డు మీద వణుకు వచ్చే వేగంలో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. అదే వేగంలో వణుకు వెంటనే మారినా, తగ్గినా, పెరిగినా కోణాన్ని అనుమానించాలి. కాలు తీసినా తీయకపోయినా వణుకు ఒకేలా ఉంటే ముందు టైర్లు, బ్యాలెన్స్ చూడాలి.

మరి క్రాస్ ఉన్న ప్రతి బండీ వణకాలిగా? వణకదు, ఎందుకంటే క్రాసులు రెండు. ముందు క్రాస్ చేసిన హెచ్చుతగ్గును వెనక క్రాస్ సరిగ్గా రద్దు చేస్తుంది. అయితే దానికి రెండు షరతులున్నాయి. రెండు క్రాసుల దగ్గరా వంపు సమానంగా ఉండాలి. షాఫ్ట్ రెండు చివర్లా క్రాసును పట్టుకునే ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి. మొదటి షరతు తీరాలంటే గేర్ బాక్స్ షాఫ్ట్ గీతా, పినియన్ గీతా సమాంతరంగా ఉండాలి. రెండో షరతు క్రాస్ మార్చేటప్పుడు షెడ్లలోనే తప్పుతుంది. స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలూ జారుతూ కలిసే పళ్ల జోడు) ఊడదీసి మళ్లీ ఎక్కించేటప్పుడు పళ్లు జరిగి ఫోర్కులు వరస తప్పుతాయి. అలా తప్పిన షాఫ్ట్‌కు సీటు కోణం ఎంత బాగా పెట్టినా లాభం లేదు. కాబట్టి సీటు జోలికి వెళ్లే ముందు ఒక్కసారి షాఫ్ట్ కిందికి వంగి, ఫోర్కులు ఒక వరసలో ఉన్నాయో లేదో కంటితో చూడటం అవసరం.

వంపు సమానమైతే చాలు, ఎంతున్నా ఫరవాలేదు అనుకోకూడదు. రెండు చివర్లా 17 డిగ్రీలుంటే పినియన్ నిలకడగానే తిరుగుతుంది కానీ మధ్యలో ఉన్న షాఫ్ట్ మాత్రం పుంజుకుంటూ తగ్గుతూనే ఉంటుంది. ఆ బరువైన గొట్టం ఊపు బేరింగులకు చేరుతుంది. అలాగని వంపును సున్నా చేయడమూ మంచిది కాదు. క్రాస్ కప్పుల్లోని సూది రోలర్లు కదలక ఒకేచోట ఆని, అక్కడే గాట్లు పడతాయి. అందుకని హైవే మీద తిరిగే బండికి క్రాస్ దగ్గర ఒక డిగ్రీ నుంచి మూడు డిగ్రీల వరకూ వంపు మేలంటారు. పొట్టి జీపుల్లో అంత తక్కువ రావడం కష్టం. దొరికినంతలో తక్కువ చేసుకోవడమే మార్గం.

పొట్టి బండికి ఈ కష్టం ఎందుకంటే షాఫ్ట్ పొడవు తక్కువ. సీజే3బీ జీపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలే. అందులో ఇంజను, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక ఇరుసులకు బలం పంచే గేర్ల పెట్టె) పోగా వెనక షాఫ్ట్‌కు మిగిలేది కొంచెమే. క్రాస్ నుంచి క్రాస్‌కు 600 మిల్లీమీటర్ల షాఫ్ట్, ఎత్తు తేడా 60 మిల్లీమీటర్లు ఉన్న బండిని తీసుకుందాం. వాలు 6 డిగ్రీల లోపే. గెడ్డల్లో, రాళ్ల దారిలో కింద తగలకూడదని హౌసింగ్ కింద ఉన్న కమానును పైకి మార్చారనుకుందాం. ట్యూబు మందం, కమాను కట్ట మందం కలిపి చాసిస్ 115 మిల్లీమీటర్లు లేచిందనుకుంటే వాలు 17 డిగ్రీలవుతుంది. షాఫ్ట్ 1200 మిల్లీమీటర్లున్న పొడుగు బండికి అదే మార్పు చేస్తే 3 నుంచి 8 డిగ్రీల చిల్లరకు వెళ్లి ఆగుతుంది. పొడుగు బండికి చేసిన పని చూసి పొట్టి జీపుకు అదే చేస్తే దెబ్బతినేది ఇందుకే. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఎత్తు పెంచే ముందు యజమానికి ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇంతవరకూ చెప్పింది నిలబడి ఉన్న బండి లెక్క. కదిలే బండిలో కమాను ఊరుకోదు. ఇంజను బలం చక్రాలను ముందుకు తిప్పుతుంటే, దానికి ఎదురుగా హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కమాను ప్లేట్లు ఎస్ ఆకారంలో మెలిపడతాయి. కాలు తీసి ఇంజను మీద బండిని ఆపుకుంటూ దిగేటప్పుడూ, వెనక డ్రమ్ము బ్రేకు వేసినప్పుడూ ఇది తలకిందులై ముక్కు కిందికి దిగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు మొదటి గేరులో ముక్కు గట్టిగా లేస్తుంది కానీ అప్పుడు షాఫ్ట్ నిదానంగా తిరుగుతుంది కాబట్టి వణుకు పెద్దగా తెలియదు. వణుకు అసలు తెలిసేది నాతవలస దగ్గర 16వ నంబరు రోడ్డెక్కి వేగం అందుకున్నాకే.

అందుకే కమాను బండికి పినియన్‌ను గేర్ బాక్స్‌తో అచ్చంగా సమాంతరంగా పెట్టరు. ఒక డిగ్రీ నుంచి మూడు డిగ్రీల వరకూ ముక్కును కిందికి వదిలి పెడతారు. నడిచేటప్పుడు అది లేచి సమాంతరానికి వస్తుంది. ఎన్ని డిగ్రీలు వదలాలో కమాను బిగువును బట్టి ఉంటుంది. ప్లేట్లు ఎక్కువగా వేసిన గట్టి కట్టకు ఒక డిగ్రీ చాలు. పాతబడి మెత్తబడిన కట్టకు ఇంకాస్త కావాలి కానీ, అలాంటి కట్ట మీద కోణం సరిచేయడం కన్నా కట్టే మార్చుకోవడం మేలు. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జంట క్రాసులున్న షాఫ్ట్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ హెచ్చుతగ్గును ఆ జంటే రద్దు చేసుకుంటుంది. కాబట్టి పినియన్ తిన్నగా షాఫ్ట్ వైపే చూడాలి, కమాను మెలి కోసం ఒకటి రెండు డిగ్రీలు కిందికి తగ్గించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గేర్ బాక్స్ ఫ్లేంజ్ (షాఫ్ట్‌ను బిగించే చదును ముఖం) కొలిస్తే షాఫ్ట్ గీత వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి 8 డిగ్రీలు వాలి ఉంది. అంటే ముందు క్రాస్ దగ్గర వంపు 5 డిగ్రీలు. పినియన్ సమాంతరంగా ఉండాలంటే దాని ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. 2 డిగ్రీలు కమాను మెలికి వదిలితే ఒక డిగ్రీ పైకి చూస్తే సరిపోతుంది. నిలబడినప్పుడు వెనక క్రాస్ వంపు 7 డిగ్రీలుగా కనిపిస్తుంది. బండి లాగుతున్నప్పుడు ముక్కు 2 డిగ్రీలు లేచి అది 5కు దిగి, ముందు క్రాస్‌తో జత కుదురుతుంది. షెడ్డులో ఈ మూడు అంకెలను నేల మీద సుద్దముక్కతో రాసుకుంటే సగం గందరగోళం పోతుంది.

కొలవడానికి ఇప్పుడు అయస్కాంతంతో అంటుకునే డిజిటల్ యాంగిల్ గేజ్ చవకగా దొరుకుతోంది. అది లేని చోట కూడా పని ఆగదు. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, తిన్నటి అంచు మధ్యలో ఉండే చిన్న బెజ్జంలోంచి దారం దూర్చి, చివర ఒక నట్టు కట్టాలి. ఆ తిన్నటి అంచును పినియన్ ఫ్లేంజ్ ముఖానికి నిలువుగా ఆనిస్తే, ఫ్లేంజ్ ఎంత వాలితే దారం అంచు నుంచి అంత పక్కకు వేలాడుతుంది. ఆ వాలే పినియన్ గీత వాలు. గాలి లేకుండా షట్టరు సగం దించి, దారం ఊగడం ఆగేదాకా ఆగాలి. అర డిగ్రీ వరకూ నమ్మకంగా చదవొచ్చు. ఒకటే జాగ్రత్త, ఆనించే చోట పెయింటు పెచ్చులు, గ్రీజు, తుప్పు ఉండకూడదు. పోత పోసిన హౌసింగ్ గరుకు ముఖం మీద కొలిస్తే అది కొలత కాదు. యంత్రం మీద చెక్కిన నున్నటి ముఖమే కావాలి. నేల కాస్త వాలుగా ఉన్నా భయం లేదు, మూడు కొలతలూ బండి కదలకుండా ఒకేసారి తీస్తే ఆ వాలు మూడింటిలోనూ సమానంగా ఉండి తీసివేతలో పోతుంది.

షెడ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే ఉంది. హౌసింగ్‌ను బండి కింద నుంచి తీసి, రెండు స్టాండ్ల మీద పెట్టి, రసమట్టంతో సీటును నేలకు మట్టంగా పెట్టి, పినియన్‌ను కూడా మట్టంగా పెట్టి వెల్డింగ్ కొట్టేస్తారు. చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ బండి కింద కమాను నేలకు మట్టంగా ఉండాలని లేదు. కమాను ముందు కన్ను (బోల్టు దూరే చుట్ట) ఒక ఎత్తులో, వెనక షాకిల్ (వెనక చివరను చాసిస్‌కు పట్టే ఊగే లంకె) మరో ఎత్తులో ఉంటాయి. కమాను మధ్యభాగం రెండు మూడు డిగ్రీలు ఎటో ఒకవైపు వాలి ఉంటుంది. సీటు ఆ వాలును పట్టుకుని తిరిగితే పినియన్ కూడా దానితో తిరిగిపోతుంది.

నిజానికి సీటు కోణాన్ని లెక్క కట్టే పనే లేదు. సీట్లను ట్యూబు మీద వదులుగా ఉంచి, కమాను ప్లేట్లను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తలను సీటు బెజ్జంలో కూర్చోబెట్టి, యూ బోల్టులను చేతి బిగువుకు తెచ్చి, చక్రాలు వేసి, జాకీలన్నీ తీసేసి బండిని నేల మీద దించాలి. బరువు పడగానే సీటు కమాను వాలుకు తగ్గట్టు తనంతట తానే కూర్చుంటుంది. అప్పుడు పినియన్ ముక్కు కింద చిన్న జాకీ పెట్టి, గేజ్ చూస్తూ హౌసింగ్‌ను మాత్రం తిప్పాలి. కావలసిన డిగ్రీ దగ్గర ఆపి టాకాలు (కదలకుండా పట్టే చిన్న వెల్డింగ్ చుక్కలు) వేయాలి. చాసిస్ కింద జాకీ పెట్టి చక్రాలు వేలాడుతుండగా ఈ పని చేస్తే అంతా వృథా. బరువు లేని కమాను గుండ్రంగా వంగి ఉంటుంది, దించాక ఆ కోణం ఉండదు. కమాను కళ్లలోని రబ్బరు బుష్ బోల్టులు కూడా బండి నేల మీద ఉన్నప్పుడే గట్టిగా బిగించాలి.

దించడం అంటే ఏ బరువుతో? దీనికి పుస్తకంలో సమాధానం వెతకడం కన్నా ఆ బండి రోజూ చేసే పనిని చూడటం మంచిది. ఇద్దరు మనుషులతో ఊళ్లో తిరిగే జీపుకు ఖాళీ బండే కొలత. సంతకు మనుషుల్నీ బస్తాల్నీ మోసే బండికి కమాను సగం రోజు సాగి ఉంటుంది, షాఫ్ట్ వాలు కూడా తగ్గుతుంది. అలాంటి బండిలో వెనక బియ్యం బస్తాలో ఇసుక బస్తాలో వేసి, మామూలుగా మోసే బరువులో సగానికి తెచ్చి కోణం పెట్టడం న్యాయం. ఖాళీగా ఒకసారి, నిండు బరువుతో ఒకసారి కూడా కొలిచి చూసుకోవాలి. రెండు చోట్లా క్రాస్ ఫోర్కు ఎక్కడా తగలకూడదు, స్ప్లైన్ పూర్తిగా మూసుకుపోకూడదు, ఊడిపోయేంత బయటికీ రాకూడదు.

రెండు సీట్లూ ఒకే తలంలో ఉండాలన్నది మరిచిపోయే సంగతి. ఎడమ సీటుకూ కుడి సీటుకూ ఒక డిగ్రీ తేడా ఉన్నా యూ బోల్టులు బిగించినప్పుడు కమాన్లు ఒకదాన్నొకటి మెలిపెడతాయి. కొన్నాళ్లకు యూ బోల్టులు వదులవుతాయి, సెంటర్ బోల్టు తెగుతుంది. అది తెగిన రోజు ఇరుసు తన చోటు నుంచి జరుగుతుంది. ఘాట్ మలుపులో అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని టాకాల తర్వాత ముందు కన్ను బోల్టు నుంచి ట్యూబు వరకూ రెండు వైపులా టేపు పట్టి చూడాలి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే టాకా కోసి మళ్లీ పెట్టడమే. టాకా కోయడానికి గ్రైండరుతో రెండు నిమిషాలు చాలు. నిండు వెల్డింగ్ కోయడానికి పూట పడుతుంది, ట్యూబు కూడా పాడవుతుంది.

వెల్డింగ్ సంగతికొస్తే, బండి కిందే నిండుగా కొట్టకూడదు. టాకా వేసి, కొలిచి, హౌసింగ్‌ను బయటికి తీసి కొట్టాలి. కమాను స్ప్రింగు ఉక్కు. దాని మీద ఒక్క నిప్పురవ్వ అంటుకున్నా, రాడ్డు ఒకసారి తగిలినా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. టాకా వేసే కాసేపు కూడా కమాను మీద తడి గోనెపట్టా కప్పడం అవసరం. ఎర్త్ క్లిప్పును ట్యూబు మీదే, సీటు పక్కనే పెట్టాలి. డ్రమ్ముకో చాసిస్‌కో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. బ్యాటరీ తీగ తీసేయాలి. హౌసింగ్ లోపల చక్రాలను తిప్పే ఇరుసు కడ్డీలు, ఆయిల్ సీళ్లు బయటికి తీసి, లోపలి నూనె తుడిచేయాలి.

ఇరుసు ట్యూబు చక్రాల దగ్గర ఆని, సీట్ల దగ్గర బరువు మోస్తుంది. కాబట్టి దాని అడుగు భాగం ఎప్పుడూ సాగదీతలో ఉంటుంది. ట్యూబు చుట్టూ అడ్డంగా గాజులా వెల్డింగ్ తిప్పితే అక్కడే పగులు పుడుతుంది. సీటు ముందు అంచునా, వెనక అంచునా ట్యూబు పొడవునా మాత్రమే వెల్డింగ్ నడపాలి, మూలలకు కాస్త ఇవతలే ఆపాలి. ఒకేసారి ఒక వైపంతా లాగితే ట్యూబు ఆ వైపుకు వంగుతుంది. ఇటు అంగుళంన్నర, అటు అంగుళంన్నర, మళ్లీ రెండో సీటు దగ్గర, ఇలా చల్లారనిస్తూ పోవాలి. ఎర్రగా ఉన్న చోట నీళ్లు పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది మానుకోవాలి, గట్టిపడిన ఉక్కు పెళుసవుతుంది. ఇక రాడ్డు. 6013 తేలిగ్గా నడుస్తుంది కాబట్టి గేట్లకూ గ్రిల్లులకూ అదే వాడతారు. బరువు మోసే సీటుకు 7018 మంచిది. శ్రీకాకుళం, భీమిలి వైపు సముద్రపు తేమ గాలికి విప్పిన ప్యాకెట్టు రాడ్లు తేమ పీలుస్తాయి. ఆ తేమే వెల్డింగ్‌లో హైడ్రోజన్‌గా మారి కనిపించని పగుళ్లు తెస్తుంది. విప్పిన 7018 రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడాల్సిందే. ఇంకో సంగతి, మధ్యలో లావుగా ఉండే పోత హౌసింగ్ మీదికి సీటు వస్తుంటే మామూలు రాడ్డుతో కొట్టకూడదు. పోత ఇనుముకు వేరే పద్ధతి కావాలి.

ఇప్పటికే తప్పుగా వెల్డింగ్ అయిపోయిన బండికి రెండు మూడు డిగ్రీల వరకూ దారి ఉంది. కమానుకూ సీటుకూ మధ్య ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉండే వాలు ఉక్కు ప్లేటు పెట్టొచ్చు. మందం వైపు ఎటు రావాలో ముందు గేజ్‌తో తేల్చుకోవాలి. సెంటర్ బోల్టు పొడవుదై ఉండాలి. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఆరు డిగ్రీలు సరిచేయడం మాత్రం వద్దు, ఆ తేడాకు సీటు కోసి మళ్లీ వేయడమే సరి.

ట్రాక్టరు ట్రక్కు ఇరుసుకు పినియన్ లేదు కాబట్టి ఈ డిగ్రీల బాధ లేదు. దానికి కావలసింది చతురస్రం. కొక్కెం నుంచి ఇరుసు రెండు చివర్లకూ టేపు పట్టి రెండు కొలతలూ ఒకటయ్యాక కొడితే చాలు. లేకపోతే ధాన్యం బస్తాలతో వెళ్తున్న ట్రక్కు రోడ్డు మీద పీతలా పక్కకు నడుస్తుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి.

జీపుకు అన్నీ అయ్యాక హైవే మీద ఒకసారి, ఘాట్ మీద ఒకసారి తిప్పి తీసుకురావాలి. కొత్త కమాను కట్ట మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెం దిగుతుంది, యూ బోల్టులూ సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ నేల మీద, అదే బరువుతో, అదే ఫ్లేంజ్ ముఖం మీద కొలిచి, మొదట సుద్దముక్కతో రాసుకున్న మూడు అంకెల పక్కన కొత్తవి రాయాలి. అర డిగ్రీ లోపు తేడా ఉంటే యూ బోల్టులు బిగించి పంపేయొచ్చు. అంతకు మించితే బండి షెడ్డు దాటే ముందే వాలు ప్లేటు వేయాలి.